నీటిని వెంటదెచ్చుకొన్న ప్రాణి: ప్రాణహితా తీరపు శిలలు చెప్పు వృత్తాంతము

సంకల్పము చెప్పుకొననిదే మన పూజ ఏదియు మొదలు కాదు. అందులో కర్త తన కోరికకు ముందుగా కాలమును, దేశమును స్మరించును. కాలమును శ్వేతవరాహకల్పము మొదలుకొని నేటి తిథి వారముల వరకు, దేశమును జంబూద్వీపము మొదలుకొని కృష్ణాగోదావరుల నడిమి నేల వరకు దించుకొనివచ్చును. కోట్ల ఏండ్ల కాలమును, కాలిక్రింది మట్టిని ఒక్క ఊపిరిలో తలచుకొనుట మనకు నిత్యాభ్యాసము. అందుచేత కోట్ల ఏండ్ల వెనుకటి ఒక వృత్తాంతమును మన నేలమీదనే నిలిచి విచారించుట ఈ పాఠక మహాశయులకు క్రొత్త గాదని తలచుచున్నాను.

వెన్నెముక గల ప్రాణి నీటిని విడిచి నేలమీద ఎట్లు బ్రతుకనేర్చినది? ఈ ప్రశ్న జీవశాస్త్రమునకు చెందినది. అయినను ఇది ఆలయ మండపములోనికి తరచుగా వచ్చుచున్నది. మా బాన్సువాడలో ఇంటర్మీడియట్, డిగ్రీ చదువు పిల్లలు, "అయ్యగారూ, మత్స్యము, కూర్మము, వరాహము అని మన పెద్దలు చెప్పినది డార్విన్ చెప్పినదే గదా?" అని అడుగుదురు. ఔనన్నచో సంతోషింతురు, కాదన్నచో చిన్నబుచ్చుకొందురు. ఔననుటకు గాని కాదనుటకు గాని ముందు ఆ వృత్తాంతమేమో తెలిసికొనవలెను గదా. అందులకు దూరదేశములకు పోనక్కరలేదు. మన నది వెంట నడచిన చాలును.

మంజీర నుండి ప్రాణహితకు

మా పొలములకు నీరిచ్చునది నిజాంసాగరము. 1923లో నిర్మాణము మొదలై 1931లో ముగిసిన ఆ జలాశయము మంజీరా నదిపై కట్టబడినది. బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీర నిజాంసాగరమును దాటి, ఉత్తరముగా సాగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. గోదావరి బాసర, ధర్మపురి, మంథని క్షేత్రములను పావనము చేయుచు కాళేశ్వరము చేరును. ఒకే పానవట్టముపై రెండు లింగములు వెలసిన ఆ క్షేత్రమున ప్రాణహిత వచ్చి గోదావరితో కూడును. వార్ధా, వైనగంగల కలయికచే ఏర్పడిన నది ఈ ప్రాణహిత. బృహస్పతి మీనరాశిని ప్రవేశించినపుడు దానికి పుష్కరము. గత పుష్కరము 2022లో జరిగినది.

ఆ సంగమమునకు ఎగువన, ప్రాణహితకు ఇరువైపుల ఉన్న ఎర్రమట్టి పొరలలోను ఇసుకరాళ్లలోను రాయిగా మారిన ఎముకలు, పండ్లు, పొలుసులు దొరకుచున్నవి. ఒక ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతపు కోట గ్రామము, ఇవతలి వైపున పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి, ఎర్రపల్లి, యామన్‌పల్లి గ్రామములు భూగర్భశాస్త్ర గ్రంథములలో శాశ్వతముగా నిలిచిపోయినవి. ఆ ఊళ్ల పేర్లతోనే ఆ శిలాశ్రేణులను ప్రపంచమంతట పిలుచుచున్నారు.

మలేరి శిలలను మొదట లోకమునకు తెలిపినవారిలో స్టీఫెన్ హిస్లాప్ ముఖ్యుడు. ఆయన నాగపురమున ఉండిన క్రైస్తవ ప్రచారకుడు. రాబర్ట్ హంటర్ అను సహచరునితో కూడి ఆ ప్రాంతపు శిలాజములను సేకరించెను. 1863లో వరదవచ్చిన వాగును దాటుచు మునిగి మరణించెను. మలేరిలో దొరికిన కొన్ని వింత దంతములను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతియైన థామస్ ఓల్డ్‌హామ్ పరీక్షించి, అవి సెరటోడస్ అను చేపవని 1859లో ప్రకటించెను. అందు రెండు జాతులకు హిస్లాప్, హంటర్ల పేర్లే పెట్టెను. డార్విన్ జాతుల పుట్టుకను గూర్చిన తన గ్రంథమును ప్రచురించిన సంవత్సరము గూడ 1859యే. డార్విన్ పక్షమున వాదించిన థామస్ హక్స్లీ 1869లో మలేరి సరీసృపపు ఎముకలను గూర్చి వ్రాసెను.

పిమ్మట ఒక శతాబ్దము గడచినది. మహలనోబిస్ మహాశయుని ఆహ్వానముపై 1957లో లండను నుండి పామెలా రాబిన్‌సన్ అను విదుషి కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి శిలాజ పరిశోధనకు పునాది వేసెను. ఆ సంస్థవారు ఈ లోయలో ఏండ్ల తరబడి త్రవ్వకములు జరిపిరి. మనిషి ఎత్తుకు సమీపించు తొడఎముకగల ఒక మహాసరీసృపము కోట శిలలలో లభించినది. రవీంద్రుని శతజయంతిని స్మరించి దానికి బారాపాసారస్ టాగోరై అని 1975లో పేరిడిరి. యామన్‌పల్లి వద్ద లభించిన మరియొక మహాసరీసృపమునకు 1988లో పి. యాదగిరి మహాశయులు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన సంగ్రహాలయమున నిలబెట్టబడినది. చూడగోరువారు నేడే పోయి చూడవచ్చును.

ఈ మహాకాయములు అందరి చూపును ఆకర్షించును. మన ప్రశ్నకు సమాధానము మాత్రము ఓల్డ్‌హామ్ చేతికి వచ్చిన ఆ చిన్న దంతములలో ఉన్నది.

ప్రాణము ముందు, పాదము పిమ్మట

సెరటోడస్ ఎట్టి చేప? ఓల్డ్‌హామ్ నాటికి అది పండ్లవలననే తెలిసిన చేప. వంశము నశించినదని అందరు తలచిరి. 1870లో సిడ్నీ నగరమున గెరార్డ్ క్రెఫ్ట్ అను పండితుడు క్వీన్స్‌లాండు నదులలో పట్టుబడిన ఒక చేపను పరీక్షించి, దాని పండ్లు సెరటోడస్ పండ్లను పోలియుండుట గుర్తించెను. ఆ చేపకు మొప్పలును ఉన్నవి, శ్వాసకోశమును ఉన్నది. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు పైకి వచ్చి గాలి పీల్చుకొనును. ఇట్టివానిని పుప్పుస మత్స్యములందురు. నాలుగు కాళ్ల జంతుకోటికి నేడు సజీవముగా ఉన్న చేపలలో అత్యంత సమీపబంధువులు ఈ పుప్పుస మత్స్యములేయని 2013లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన నిర్ధారించినది. అట్టి చేప పండ్లు దొరికిన లోయలో ప్రవహించు నదికి ప్రాణహితయని పేరుండుట కేవలము యాదృచ్ఛికమే. అయినను ఆ పేరు తలచినపుడెల్ల మనస్సు పులకించును.

ఇచట గ్రహింపవలసిన మర్మమొకటి ఉన్నది. చేప నేలమీదికి పోవలెనని సంకల్పించి శ్వాసకోశమును సంపాదించుకొనలేదు. వెచ్చని, లోతులేని, కుళ్లిన ఆకులతో నిండిన నీటిలో ప్రాణవాయువు చాలదు. అట్టి నీటిలోనే బ్రతుకుటకు గాలి పీల్చు సామర్థ్యము అక్కరకు వచ్చినది. దీనికి దృష్టాంతము మన చెరువులలోనే ఉన్నది. తెలంగాణ రాష్ట్రమత్స్యమైన కొర్రమీనును మన వైపు కొర్రమట్టయందురు. దానికి తల లోపల మొప్పల పైభాగమున గాలి నిలుపుకొను గది కలదు. పైకి వచ్చి గాలి పీల్చనీయకున్నచో అది నీటిలోనే ఊపిరాడక చచ్చును. వేసవిలో చెరువు ఎండినపుడు బురదలో దాగి ప్రాణము నిలుపుకొనును. కొర్రమట్ట పుప్పుస మత్స్యముల వంశములోనిది గాదు, దాని గది శ్వాసకోశమును గాదు. అయినను ఒకే అవసరము రెండు వేర్వేరు వంశములలో రెండు ఉపాయములను పుట్టించినదని మనకు కనుపించుచున్నది.

పాదముల కథయు ఇట్టిదే. కెనడా దేశపు ఉత్తరధ్రువ ప్రాంతమున ఎల్స్‌మియర్ ద్వీపములో 2004లో నీల్ షూబిన్ బృందమువారు సుమారు 37 కోట్ల 50 లక్షల సంవత్సరముల నాటి టిక్టాలిక్ అను జీవి శిలాజమును కనుగొని 2006లో ప్రకటించిరి. దానికి చేపవలె పొలుసులును రెక్కలును ఉన్నవి. ఆ రెక్క లోపల భుజపు ఎముక, మోచేతి ఎముకలు, మణికట్టును పోలిన ఎముకలు అమరియున్నవి. చేపకు మెడ ఉండదు, తల భుజములతో అతుకబడి ఉండును. టిక్టాలిక్ తలను విడిగా త్రిప్పగలిగినది. లోతులేని నీటి అడుగున రెక్కలను ఊతగొని పైకి లేచి చూచుటకు ఆ నిర్మాణము తోడ్పడియుండును.

దానికి కోటి సంవత్సరముల పిమ్మటి జీవి ఆకాంతొస్టెగ. గ్రీన్‌లాండు తూర్పు భాగమున లభించిన దాని శిలాజములను జెన్నిఫర్ క్లాక్ అను విదుషి విస్తరించి పరిశీలించెను. ఆ జీవికి నిజమైన కాళ్లున్నవి, వ్రేళ్లున్నవి. కాని లోపల మొప్పలును, తోకకు ఈతరెక్కయు గూడ ఉన్నవి. ఆ కాళ్లు దేహభారమును నేలపై మోయజాలనివి. అనగా కాళ్లు నీటిలో, కలుపు మొక్కల నడుమ త్రోవ చేసికొనుటకే ఏర్పడినవి. నేలమీద నడచుట తరువాతి ఉపయోగము.

కరన్యాసము చేయునపుడు మనము అంగుష్ఠము మొదలు కనిష్ఠిక వరకు అయిదు వ్రేళ్లలో దేవతాశక్తిని నిలుపుకొందుము. వ్రేళ్లు అయిదే యుండుట సృష్టినియమమని తోచును. ఆకాంతొస్టెగ ముందుకాలికి ఎనిమిది వ్రేళ్లు. దానికి సమకాలికమైన ఇక్తియొస్టెగ వెనుకకాలికి ఏడు. అయిదు అను లెక్క పిమ్మట స్థిరపడినది. ఆ స్థిరపడిన లెక్కయే గబ్బిలపు రెక్కలోను, తాబేటి కాలిలోను, జపమాల త్రిప్పు మన చేతిలోను నేటికిని నడచుచున్నది. ఆవు గిట్టలో కొన్ని వ్రేళ్లు తరిగిపోయినను మూలరూపము అదియే.

సంధ్యావందనమున మొదట ఆచమనము, పిదప ప్రాణాయామము, అటుపై న్యాసము. నీరు, గాలి, అంగము. జీవుని భూప్రయాణమున గూడ వరుస ఇదియే గదాయని ఎవరైన అందురేమో. జ్ఞాపకము నిలుపుకొనుటకు ఈ పోలిక పనికివచ్చును. అంతకుమించి ఋషులు ఇందు జీవశాస్త్రమును దాచిరనుట అన్యాయము.

నేల పెట్టిన పరీక్షలు

నీరు దేహమును మోయును, నేల మోయదు. ఒడ్డుకు వచ్చిన ప్రాణికి తన బరువే తొలి శత్రువు. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి కొక్కెమువలె ముడిపడినవి. కటిభాగపు ఎముక వెన్నెముకతో బంధింపబడినది. ప్రక్కటెముకలు బలిసి లోపలి అవయవములకు పంజరమైనవి. మనము పద్మాసనమున వెన్ను నిలిపి కూర్చుండగలుగుటకు పునాది అచట పడినది.

రెండవ పరీక్ష శ్వాస. కప్ప గొంతుక్రింది చర్మమును పైకి క్రిందికి కదలించుట అందరు చూచియే యుందురు. అది గాలిని నోటితో త్రోసి లోనికి మ్రింగును. చర్మముతోను కొంత శ్వాసించును. ప్రక్కటెముకలను విప్పి మూసి గాలిని లాగుకొనుట తరువాతి వంశముల నేర్పు. క్షీరదములలో దానికి ఉదరవితానపు కండరము తోడైనది. పూరక కుంభక రేచకములు చేయగల దేహము కోట్ల ఏండ్ల ఈ దిద్దుబాటుల ఫలము.

మూడవది శ్రవణము. నీటిలోని శబ్దము దేహమును నేరుగా తాకును. గాలిలోని శబ్దము బలహీనము. చేపలో దవడను కపాలమునకు ఊతగొలుపు ఎముక యొకటి కలదు. నేలజంతువులలో ఆ ఎముక క్రమముగా సన్నబడి, చెవి లోపల చేరి, శబ్దకంపనమును మోయు సూక్ష్మాస్థియైనది. ఆకాంతొస్టెగలో అది ఇంకను మొద్దుగా, కపాలమునకు ఆధారముగానే ఉన్నది. కర్ణభేరి తరువాత, పలు వంశములలో వేర్వేరుగా ఏర్పడినది. గురుముఖమునుండి విని నేర్చుకొనుటచేతనే వేదమునకు శ్రుతియని పేరు. ఆ వినికిడికి ద్వారమైన ఎముక ఒకనాడు చేప దవడకు ఊతయై యుండెననుట నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచిన విషయము.

నాలుగవది ఎండ. చేప కన్ను ఎల్లపుడు తడిగానే ఉండును. నేలమీద ఆ తడిని తానే సృష్టించుకొనవలెను. కనుక రెప్పలును కన్నీరును వచ్చినవి. చర్మముపై ఎండుదలను ఆపు పొర వచ్చినది. మలినవిసర్జన గూడ మారినది. చేప తన దేహములోని అమ్మోనియాను నీటిలోనికి విడిచివేయును. దానికి నీరు సమృద్ధిగా కావలెను. తోకకప్పయు అట్లే చేయును. అదియే కప్పయైన పిదప యూరియాగా మార్చి విడుచును, మనమును అంతే. బల్లులు, పక్షులు ఇంకను నీటిని పొదుపు చేసి, తెల్లని ముద్దవలె విడుచును.

జరాయువు అను చెరువు

ఇన్ని జయించినను ఒక బంధము మిగిలినది. గుడ్లు పెట్టుటకు నీరు కావలెను. కప్ప నేటికిని ఆ బంధములోనే ఉన్నది. ఋగ్వేదము ఏడవ మండలములోని మండూకసూక్తమును వసిష్ఠ మహర్షి దర్శించెను. వానకు మేల్కొన్న కప్పల కూతను వేదాధ్యయనముతో పోల్చిన సూక్తమది. తొలకరి పడగానే నిజాంసాగరపు కాలువల క్రింది మళ్లలో ఆ కూత నేటికిని మ్రోగుచున్నది. ఆ నీటిలో పెట్టిన గుడ్ల నుండి మొప్పలు, తోక గల పిల్లలు వెలువడి, కొన్ని వారములలో కాళ్లు మొలచి, తోక కరగి, గట్టెక్కును. కప్ప నీరు ఎండిపోవు లోపల ఈ పని ముగించుకొనవలెను.

ఈ బంధమును త్రెంచినది క్రొత్త రకపు అండము. పిండము చుట్టును ఒక పలుచని పొర, దాని లోపల నీరు, ఆహారమునకు సొన, మలినమునకు వేరొక సంచి, వీనినన్నిటిని కప్పుచు వెలుపలి పెంకు. ఇది ఒక చిన్న చెరువు. తల్లి ఆ చెరువును ఎండిన నేలమీద ఉంచి పోవచ్చును. కెనడాలోని నోవా స్కోషియాలో, బోలు చెట్టుమొదళ్లు రాయిగా మారిన పొరలలో, సుమారు 31 కోట్ల సంవత్సరముల నాటి హైలొనోమస్ అను చిన్న సరీసృపమును జాన్ విలియం డాసన్ కనుగొని 1860లో పేరిడెను. అట్టి అండము పెట్టు వంశములలో మనకు తెలిసిన తొలివానిలో అది యొకటి.

ఐతరేయోపనిషత్తు ప్రాణులను అండజములు, జరాయుజములు, స్వేదజములు, ఉద్భిజ్జములని విభజించినది. ఆకారమునుబట్టి గాక పుట్టుకనుబట్టి విభజించుట గమనింపదగినది. జరాయువనగా గర్భమును చుట్టియుండు పొర. లోపలి పొరకు ఉల్బమని పేరు. గీత మూడవ అధ్యాయమున కామము జ్ఞానమును కప్పుటకు దృష్టాంతముగా చెప్పబడినది ఈ ఉల్బమే. కోడిగుడ్డులో పిల్లను చుట్టిన పొర, ఆవు గర్భమున దూడను చుట్టిన ఉల్బము, తల్లి గర్భమున శిశువును చుట్టిన ఉల్బము ఒకే మూలమునుండి వచ్చినవని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అండజమైన పక్షికిని జరాయుజమైన మనిషికిని పొర ఒకటే. ఒకటి ఆ చెరువును గూటిలో ఉంచినది, మరియొకటి కడుపులోనే దాచినది. ప్రసవమునకు ముందు ఉమ్మనీరు పోయినదని మన ఇండ్లలో చెప్పుకొనునది ఆ ప్రాచీన జలమునే.

కావున ఈ వృత్తాంతపు సారమును ఒక్క మాటలో చెప్పవలెనన్న, ప్రాణి నీటిని విడిచి రాలేదు, నీటిని వెంటదెచ్చుకొన్నది. కంటిలో, రక్తములో, గర్భములో దానిని మోయుచునే నేలమీద తిరుగుచున్నది.

సోపానము కాదు, వృక్షము

ఇప్పుడు మరల మలేరికి వత్తము. ఆ ఎర్రమట్టి సుమారు 22, 23 కోట్ల సంవత్సరముల నాటిది. టిక్టాలిక్ కాలమునకు అది ఎంతో తరువాతిది. ఆ నాటి నదిలో గాలి పీల్చు సెరటోడస్ ఉండెను. అదే నీటిలో బల్లపరుపు తలగల పెద్ద ఉభయచరమొకటి పొంచియుండెను. 1965లో తపన్ రాయ్ చౌధురి దానికి మెటొపొసారస్ మలేరియెన్సిస్ అని పేరిడిరి, 2019లో పాంథసారస్ అను క్రొత్త ప్రజాతిలో చేర్చిరి. మొసలిని పోలిన పారాసూకస్ ఒడ్డున వేటాడెను. దాని రెండు అస్థిపంజరముల ఉదరభాగమున మ్రింగబడిన చిన్న సరీసృపముల ఎముకలు దొరకినవి. శంకర్ చటర్జీ మహాశయులు వానికి 1980లో మలేరి పేరును, రాబిన్‌సన్ విదుషి పేరును కలిపి మలేరిసారస్ రాబిన్‌సనే అని నామకరణము చేసిరి. గట్టుమీద ముక్కువంటి మూతిగల శాకాహారి హైపెరొడపెడాన్ మేయుచుండెను.

అనగా చేప, ఉభయచరము, సరీసృపము ఒకే నదీతీరమున, ఒకే కాలమున కలిసి జీవించినవి. ఒకటి పోయిన పిదప మరియొకటి వచ్చినదనుట పొరపాటు. నేడు మంజీరలో గూడ కొర్రమట్ట, కప్ప, తాబేలు, మొసలి, నీరు త్రాగ వచ్చిన ఆవు ఒకేచోట ఉన్నవి. ఇది మెట్లవరుస గాదు, శాఖోపశాఖలుగా విస్తరించిన వృక్షము. ఏ శాఖయు మరియొకదానికి మెట్టుగా పుట్టలేదు.

కొన్ని శాఖలు వెనుదిరిగినవి గూడ. తాబేటి పూర్వులు పెంకుగల గుడ్లు పెట్టు సరీసృపములే. నీటికి మరలిన తాబేళ్లు నేటికిని గుడ్లకొరకు ఒడ్డుకే వచ్చును. తిమింగిలముల పూర్వులు నేలమీది నాలుగుకాళ్ల జంతువులు. కాశ్మీరమున లభించిన ఇండొహైయస్ అను చిన్న జంతువునకు 1971లో ఏ. రంగారావు అను భారతీయ భూగర్భశాస్త్రజ్ఞుడు పేరిడెను. ఆయన సేకరించిన రాళ్లనే పరీక్షించి, అది తిమింగిలములకు దగ్గరి చుట్టమని 2007లో థెవిసెన్ బృందమువారు తేల్చిరి.

దశావతారముల ప్రశ్న

ఇక పిల్లల ప్రశ్నకు వత్తము. దశావతారములను జీవపరిణామముతో పోల్చుట మన పూర్వాచార్యుల వ్యాఖ్యానములలో లేదు. అది పందొమ్మిదవ శతాబ్దమున పుట్టిన మాట. దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లోనే ఈ పోలికను వ్రాసెను. జె.బి.ఎస్. హాల్డేన్ గూడ దశావతారక్రమము వెన్నెముక జీవుల పరిణామమునకు స్థూలముగా సరిపోలుచున్నదని మెచ్చుకొనెను. ఆయన సామాన్యుడు గాడు. 1957లో ఇంగ్లండును విడిచి మహలనోబిస్ సంస్థకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున దేహము చాలించెను. ఆ దేహమును వైద్యవిద్యార్థుల కొరకు మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చివేసెను. కోట శిలలలో దొరికిన తొలి క్షీరద దంతమునకు 1981లో కోటాథీరియం హాల్డేనై అని ఆయన పేరే పెట్టిరి. అట్టివాని మెప్పు మనకు ప్రియమైనదే. ప్రియమైనంత మాత్రమున ప్రమాణము కాజాలదు.

గ్రంథములనే చూతము. శ్రీమద్భాగవతము ప్రథమస్కంధము మూడవ అధ్యాయమున అవతారముల పట్టిక కలదు. అందు వరాహము రెండవది, మత్స్యము పదియవది, కూర్మము పదునొకండవది. శతపథబ్రాహ్మణమున మనువును కాచిన మత్స్యకథ మొదటి కాండమున, కూర్మప్రస్తావన ఏడవ కాండమున, భూమినెత్తిన వరాహప్రస్తావన పదునాలుగవ కాండమున, ఒకదానితో ఒకటి సంబంధము లేక వచ్చినవి. జీవపరిణామమును బోధించుటయే ఉద్దేశమైనచో ఇట్లుండునా? పైగా కూర్మము చేపకును నేలజంతువునకును నడిమి మెట్టు కాదని ఇంతకుముందే చూచితిమి.

మత్స్యమూర్తి ప్రళయమున బీజములను, ఋషులను కాచినవాడు. కూర్మమూర్తి అమృతమథనమున మందరమును మోసినవాడు. వరాహమూర్తి మునిగిన భూదేవిని ఉద్ధరించినవాడు. ఆ కథల తాత్పర్యము రక్షణము, భరణము, ఉద్ధరణము. జీవుడు మునిగినపుడెల్ల ఏ రూపమునైనను ధరించి భగవానుడు వచ్చునను అభయము. ఈ అర్థమును విడిచి, "మావారును డార్విన్ చెప్పినదే చెప్పిరి" అని సంబరపడుట పురాణమునకు అరువు గౌరవము తెచ్చుట. అరువు తెచ్చినది ఒకనాడు తిరిగి ఇచ్చివేయవలసి వచ్చును. విజ్ఞానశాస్త్రము తన మాటను మార్చుకొనుచునే ఉండును. పోలండు దేశమున సుమారు 39 కోట్ల సంవత్సరముల నాటి అడుగుజాడలు దొరకినవని 2010లో ప్రకటించినపుడు, కాళ్లు ఏర్పడిన కాలము టిక్టాలిక్ కంటెను వెనుకకు జరుగునేమోయని పండితులు మరల లెక్కలు చూడవలసి వచ్చినది. అనుమానప్రమాణమున కది దోషము గాదు, గుణమే. పురాణమును దానికి కట్టివేసినచో అది మారినపుడెల్ల మన విశ్వాసమును ఊగిసలాడును.

మన దర్శనములు ఈ విషయమున స్పష్టముగానే ఉన్నవి. కన్నుతోను యుక్తితోను తెలియరాని దానిని తెలుపుటకే శబ్దప్రమాణము. ప్రత్యక్షవిషయమున శ్రుతి ప్రమాణము కాజాలదని శంకర భగవత్పాదులు అగ్నిని ఉదాహరణముగా గైకొని గీతాభాష్యము పదునెనిమిదవ అధ్యాయమున వ్రాసిరి. ఎముకల వయస్సు ఎంతయని మలేరి మట్టిని అడుగవలెను. ఆ ఎముకలను, ఆ మట్టిని, అడుగు మనస్సును ప్రకాశింపజేయు చైతన్యమేదని ఉపనిషత్తును అడుగవలెను. ఒకరి సమాధానమును మరియొకరి నోట పలికించిన ఇద్దరికిని అపచారమే.

కావున పిల్లలకు నేను చెప్పునది ఇది. నాయనలారా, దశావతారములు డార్విన్ సిద్ధాంతము గాదు. చిన్నబుచ్చుకొనవలదు. మీ జీవశాస్త్ర పుస్తకమును శ్రద్ధగా చదువుడు. సాయంకాలము భాగవతమును అంతే శ్రద్ధగా వినుడు. ఒకదానికొరకు మరియొకదానిని వంచవలసిన అక్కర లేదు.

సాధకునకు మిగులునది

ఇట్లు విడదీసిన పిదప సాధకునకు ఏమి మిగులును? చాల మిగులును. సర్వభూతములయందు సమదృష్టి మనకు ఉపదేశముగా వచ్చినది. దానికి లౌకికమైన ఊతను గూడ ఈ శిలలు ఇచ్చుచున్నవి. మత్స్యమును చూచినపుడు అది అన్యమను బుద్ధి కొంత సడలును. మన వినికిడి ఎముక దానిది, మన భుజపు ఎముక దాని రెక్కలోనిది, కన్నీటి తడి దాని చెరువునాటిది. దేహము నాదియను అభిమానమునకు గూడ ఇది మంచి చికిత్స. కోట్ల ఏండ్లుగా ఎన్ని ప్రాణులు వాడి, దిద్ది, అందించిన వస్త్రమో ఇది. కొన్నాళ్లు కట్టుకొని విడుచు మనము దీనిని నాదియనుట ఎంతటి సాహసము!

మరియొక కర్తవ్యము గలదు. ప్రాణహితా తీరమున పుష్కరస్నానమునకు పోవు భక్తులు ఆ రాళ్లను రాళ్లుగానే త్రొక్కిపోవుచున్నారు. రేలమీద శంఖపు గుర్తున్న గండకీశిలను సాలగ్రామమని పూజించు జాతి మనది. ఆ గుర్తు ప్రాచీన సముద్రజీవిదని శాస్త్రజ్ఞులు చెప్పినంత మాత్రమున మన పూజ ఆగలేదు, ఆగనక్కరలేదు. రాయిలో ప్రాణుల చరిత్రను చూచు కన్నును, రాయిలో నారాయణుని చూచు కన్నును ఒకే ముఖమున ఉండవచ్చును. మలేరి, కోట పొలములలో ఎముకవంటి రాయి కనబడినచో పగులగొట్టక, ఇంటికి కొనిపోక, దొరికిన చోటనే విడిచి, తెలిసినవారికి తెలుపుట గూడ ఒక విధమైన ఋషిఋణము తీర్చుటయే. ఏ పొరలో దొరికినదో తెలియని ఎముక తన కథను చెప్పజాలదు.

జలమునుండి నేలకు వచ్చిన జీవుడు ఇంకను ప్రయాణములోనే ఉన్నాడు. శ్వాసకోశము వచ్చినది, పాదము వచ్చినది, చెవి వచ్చినది, చివరకు నేనెవరనని అడుగగల మనస్సు వచ్చినది. ఇంత వ్యయముతో లభించిన ఆ ప్రశ్నను అడుగకుండ ఆయువును గడపివేయుట మాత్రము తగదు.

శుభం భూయాత్.